రెండంగుళాల తేడా

దర్జీ ఆయన నడుముకు టేపు చుట్టాడు.

"ఊపిరి బిగబట్టకండి సార్."

"బిగబట్టలేదే."

"మరి గొంతు అలా వస్తోందేం? వదలండి... హమ్మయ్య. రెండంగుళాలు పెరిగారు."

"నీ టేపు కుంచించుకుపోయుంటుంది. బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషనై ఆరేళ్లయింది. నాలుగు ముద్దలు మించి దిగవు, తెలుసా?"

"మరి వచ్చినప్పట్నుంచీ ఆ ఐస్‌క్రీం ఎలా దిగుతోంది?"

"అది కరిగిపోతుందయ్యా, తిండి కిందికి రాదు. రేపు ఆస్పత్రిలో కొత్త పేషెంట్లతో నేనే మాట్లాడాలి, బరువు మళ్లీ పెరక్కుండా ఎలా ఉండాలో. ఈ ప్యాంటు వదులు చెయ్యి."

"సరే. మరి ఈ రెండోది? ఇందులో ఇద్దరు పడతారు!"

"అది ఆపరేషన్‌కి ముందుది. స్టేజీ మీద ఎత్తి చూపించాలి. దాన్నీ రెండంగుళాలు వదులు చెయ్యి. తేడా తగ్గకూడదుగా!"