ఐదు గిన్నెల డబ్బ

తాపీ నది వరద వచ్చి పోయిన పద్దెనిమిదో ఏడు. సద్దుల బతుకమ్మకు ముందు రోజు మధ్యాహ్నం. సూరత్‌లోని ఉన్ పేటలో, మరమగ్గాల మీద బతికేవాళ్ల వరసగదులు. బాలవ్వ కాలం చేసి మూడు నెలలైంది. ఆమె మగడు లక్ష్మీరాజం, ఎన్నడూ ఎవరి గడపా తొక్కని మనిషి, ఒక చేతిలో గిన్నె, మరో చేతిలో ఐదు గిన్నెల స్టీలు డబ్బా పట్టుకుని ఎదురింటి భాగ్యలక్ష్మి గడప ముందు నిలబడ్డాడు.

“ఏందన్నా ఇది?”

“నువ్వులు.”

“నువ్వులా? బురద లెక్కున్నయి.”

“మిక్సీల తిప్పిన.”

“వేయించకుండనే?”

“వేయించాల్నా?”

“అయ్యో నా రాత! నలభై ఏండ్లు నువ్వుల సద్ది తిన్నవ్. అదెట్లయితదో ఒక్కనాడన్న పొయ్యికాడికొచ్చి చూడలే?”

“పెట్టింది. తిన్న.”

“మంచిగ చెప్పినవ్. ఇప్పుడెందుకన్నా నీకీ లొల్లి? ఏడాది తిరగలే. మీ ఇంట్ల పండుగ లేదు.”

“పండుగ చేస్తలేను.”

“మరి?”

“సద్దులు వండుత. పులిహోర, పెరుగన్నం, నువ్వులది, కొబ్బరిది, పల్లీలది. ఐదే.”

“వండి ఏం జేస్తవ్?”

“ఈ డబ్బల పెట్టి రేపు నీకిస్త.”

“నాకా? నాకెందుకన్నా?”

“అది చెప్పింది.”

“ఎవరు, వదినెనా? ఎప్పుడు?”

“దవాఖానల. ఆఖరి పొద్దు. సద్దుల నాడు డబ్బ పంపుడు మరువకు అన్నది.”

“ఎవరికని చెప్పిందా?”

“అంతల మాట పడిపోయింది. నీకే గదా. ఏటేటా డబ్బ మీ ఇంటికే పోయేది.”

“నేను... కూసో అన్నా. చాయ్ పెడత.”

“చాయ్ వద్దు. నువ్వులు ఎట్ల వేయించాలె, అది చెప్పు.”

“మా పోరడు మల్లేషు డ్యూటీకి పోవాలె, రొట్టెలు చెయ్యాలె. డబ్బ ఇంట్లనే పెట్టుకో నువ్వు.”

“రేపు తీసుకుంటవా?”

“తీసుకోరాదన్నా. చావైన ఇంటి సద్ది ఏడాది దాక ఎవరు తీసుకుంటరు? నీకెర్క లేదా?”

“లేదు.”

“నీకెట్లెర్క. మగ్గం చప్పుడు తప్ప ఇంకోటి ఇననోనివి.”

“దానికెర్కనా?”

“వదినెకా? వదినెకు ఎర్క లేంది ఉన్నదా? ఎవరింట్ల ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు, వాడకంత చెప్పేదే ఆమె.”

“మరి పోయేటామె ఎందుకు పంపుమన్నది?”

“ఏమో అన్నా. జరంల ఏదో అని ఉంటది.”

“జరం లేకుండె. తెలివిల ఉండె. నా చెయ్యి వట్టుకొని చెప్పింది చెల్లె.”

“పండుగ లేని ఇంటి సద్ది పండుగ లేనోళ్లే తినాలె. మాకు పెట్టొద్దు. నాకెర్కున్నది అంతే.”

“పండుగ లేంది నాకొక్కనికే.”

“నీకొక్కనికేనా?”

“ఇంకెవరికి?”

“ఉండు, రొట్టె మాడుతుంది.”

“నువ్వు పొయ్యే ముట్టియ్యలే. ఇంకెవరికి, భాగ్యా?”

“నన్నడగకు. వదినెకు మాటిచ్చిన.”

“సరే. తినకు. డబ్బ తీసుకొని పక్కకు పెట్టు. ఎప్పటిలెక్కనే ఘారీలు పెట్టి వాపస్ ఇయ్యి. దాని మాట పోనియ్యొద్దు.”

“ఏం ఘారీలు?”

“సద్దులైన వారం పది దినాలకు పంపుతవు గదా. ఈ ఊరోళ్లంత ఘారీలు తినే పండుగ నాడు. ఆ నెయ్యి మిఠాయి.”

“నేనా?”

“భాగ్య పంపిందని మీ వదినె పెట్టేది. మంచిగుంటయి. దుకాణంలవి అట్లుండయి. ఒకటి వంకరగుంటది. అది నాకే పెట్టేది.”

“అన్నా.”

“ఏంది?”

“నాకు ఘారీ చేసుడు రాదు.”

“కొంటవా మరి?”

“మా మల్లేషు జీతానికి ఘారీలు కొనుడా! కొననూ లేదు, చెయ్యనూ లేదు. నీ డబ్బ ఒక్కపారి గూడ నా గడప దాటలే.”

“మరి యాడికి పోయేది?”

“నువ్వు పొద్దుగాల ఏడుకు కార్ఖానకు పోతివా, వదినె ఏడున్నరకు బస్సెక్కేది. కొంగు కింద ఈ డబ్బ.”

“యాడికి?”

“అడాజన్‌కు, తాపీ అవతలికి. ఎవరి గిన్నెనైనా ఖాళీగ వాపస్ ఇయ్యరు గదా. ఆ పిల్ల ఘారీలు చేసినంక డబ్బ నిండ పెట్టి పంపేది. హేతల్. నీ కోడలు.”

“ఆ ముచ్చట తియ్యకు.”

“నేను తీసిన్నా? డబ్బ తెచ్చి నువ్వే తీసినవ్. వరద నాడు పని మీద అడాజన్ పోయి చిక్కిండు నీ కొడుకు సుమన్. నాలుగు దినాలు దాబా మీద కూసోబెట్టి, ఉన్న పిడికెడు అన్నం వానికే పెట్టిండ్రు ఆ గుజరాతోళ్లు. లేకుంటె పోరడు తాపీల కొట్టుకపోతుండె. వాళ్ల పిల్లను చేసుకుంటనంటె ఇంట్లకెళ్లి ఎల్లగొట్టినవ్. ఆనాడు ఏమన్నవ్? యాదికుందా?”

“ఉంది.”

“వాని ఇంట్ల గుక్కెడు మంచినీళ్లు ముడితే నేను లక్ష్మీరాజాన్నే కాదన్నవ్. వాడంత ఇన్నది.”

“అన్న.”

“వదినెను కాలవెట్టిన నాడు ఘాట్ కాడికి వచ్చిండు వాడు. దూరంగ నిలవడ్డడు. నువ్వు మొహం తిప్పుకున్నవ్. వానికి గూడ తల్లే పోయిందన్నా. వానింట్ల గూడ పండుగ లేదు. వదినె పంపుమన్నది వానికే.”

“ఎన్నేండ్ల సంది తింటున్న?”

“ఘారీలా? వరద మరుసటేడు సంది.”

“అన్ని ఏండ్లు.”

“అన్ని ఏండ్లు. ఒక్క ఏడు గూడ తప్పలే.”

“వాని ఇంటియి.”

“వాని ఇంటియే. నువ్వు నాకుతుంటె వదినె ఇటు తిరిగి నవ్వేది, అటు తిరిగి కండ్లు తుడుసుకునేది. నా ముంగటనే.”

“వంకరది?”

“అది పిల్ల చేసేది. నీ మనుమరాలు. ఐదారేండ్ల సంది, తాతకని పక్కకు పెట్టేదట.”

“పేరు?”

“కోమలి. పన్నెండేండ్లు. ఆ పేరు గూడ వదినెనే పెట్టింది. కోపమొచ్చిందా? పోయినామెను తిట్టకు. తిట్టాల్నంటె నన్ను తిట్టు. అన్నా, ఏదన్న మాట్లాడు.”

“నువ్వులు ఎంతసేపు వేయించాలె?”

“...చిటపట అనేదాక. సన్న మంట మీద.”

“నూనె?”

“వద్దు. ఉత్త మూకుట్లనే. సల్లారినంక ఇంత ఉప్పు, కారం ఏసి దంచు. మిక్సీ ముట్టకు.”

“వాని ఇల్లు అడాజన్‌ల ఏ దిక్కు?”

మరునాడు పొద్దున లక్ష్మీరాజం కార్ఖానాకు పోలేదు. ఏడున్నర బస్సెక్కి అడాజన్‌లో దిగి, భాగ్యలక్ష్మి చెప్పిన సొసైటీ వెతుక్కుంటూ వెళ్లి, మూడంతస్తులు ఎక్కి తలుపు కొట్టాడు. ఒక పిల్ల తలుపు తీసింది.

“కౌన్?”

“సుమన్ ఇల్లు ఇదేనా?”

“మీరు ఎవరు? పప్పా స్నానం చేస్తున్నారు.”

“డబ్బ తెచ్చిన.”

“ఇది... ఇది నానమ్మ డబ్బా!”

“అవు.”

“ఇంక రాదు అన్నది మమ్మీ. మీరు...”

“ఘారీ వంకరగ చేసేది నువ్వేనా?”

“అది... నాకు గోల్‌గా రాదు. ఎంత చేసినా రాదు.”

“అట్లనే మంచిగుంటది.”

“మమ్మీ! మమ్మీ, జల్దీ రా! లోపలికి రండి. చెప్పులు ఉండనీ, పర్వాలేదు. కూర్చోండి.”

“కూసుంట. జర మంచినీళ్లియ్యి, బిడ్డా.”