వార్డులో చిటికెన వేలు

"మాస్టారూ, బడిలోకి వస్తూనే పద్మ కూతురు ఎవరని అడిగారేంటండీ?"

చెబుతాను టీచరమ్మా, కూర్చోనివ్వండి. ఆ కర్ర గోడకి ఆనించండి. ఆఁ. కిటికీ పక్కన రెండు జడల పిల్లేనా? సరే సరే. పిల్లలకి కాపీరాత ఇచ్చారు కదా, అదయ్యేలోపు చెప్పేస్తాను. ఏలూరు ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇది ఎవరికైనా చెప్పాలని ఒకటే ఆత్రం నాకు.

ఓ పొద్దుటే నాకు ఒంటికి రావడం ఆగిపోయిందండీ. ఎంతసేపు కూర్చున్నా చుక్క పడదు, పొత్తికడుపు రాయిలా అయిపోయింది. మా ఇంటావిడ ఆటో మాట్లాడి గణపవరం తీసుకెళ్తే, వాళ్ళు ఏలూరు పొమ్మన్నారు. అక్కడ ఈ జబ్బులకి వేరే విభాగం ఉంది, యూరాలజీ అంటారు. మాస్కు కట్టుకున్న ఓ అమ్మాయి వచ్చి "ఏం ఇబ్బందండీ" అంది. నేనేమన్నానో తెలుసా? కడుపునొప్పి అన్నాను. ముప్పై ఐదేళ్ళు పాఠాలు చెప్పిన నోరు, ఆడపిల్ల ముందు ఆ మాట అనలేకపోయింది. పొట్ట మీద చెయ్యేసి చూసి, మాస్కు కిందికి లాగి, "మాస్టారూ, నేనండీ, ఎస్తేరుని" అంది.

మన చెరువుల మీద చేపలకి మేత చల్లే యేసురత్నం లేడూ, వాళ్ళమ్మాయి. వాళ్ళ నాయనమ్మ చర్చిలో పాట ఎత్తుకుంటే కాలవ అవతలికి వినబడేది... అది వేరే సంగతి లెండి. ఎస్తేరు ఎంబీబీఎస్ అయి, సర్జరీ చదువూ అయి, మళ్ళీ మూడేళ్ళు ఈ యూరాలజీ నేర్చుకుంటోంది. డాక్టరే, కానీ ఇంకా విద్యార్థే.

గొట్టం వేసింది. ఆ హాయి చెప్పలేను. అయినా కళ్ళు తెరవలేకపోయానండీ. సిగ్గుతో కాదు. అంటే, సిగ్గూ ఉంది. దానికన్నా పెద్దది ఇంకోటి గుర్తొచ్చింది.

అప్పట్లో మన బడికి మరుగుదొడ్డి లేదు, ప్రహరీ లేదు. వెనక్కి నాలుగడుగులేస్తే చేపల చెరువు గట్టే, ఇద్దరు మనుషుల లోతు. పిల్లలు చిటికెన వేలు చూపిస్తే ఒంటరిగా పంపడానికి నాకు భయం. "గంట కొట్టాక అందరూ కలిసి వెళ్దురుగాని" అనేవాణ్ణి. మూడో తరగతిలో ఓ పిల్ల వేలెత్తింది. ఎక్కం కానిమ్మన్నాను. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ కూర్చోమన్నాను. ఏడో ఎక్కం సగంలో కూర్చున్న చోటే తడిసిపోయింది. పిల్లలంతా నవ్వారు. నేను నవ్వలేదు, కానీ వాళ్ళ నవ్వు ఆపనూ లేదు. ఆ పిల్ల ఎస్తేరే అని నా గుర్తు.

మూడు రోజులు ఆ అమ్మాయి పని చూశానండీ. పొద్దుటే వచ్చి ప్రతి మంచం దగ్గరా వంగి, సంచిలోకి ఎంత వచ్చింది, ఏ రంగులో వచ్చింది రాసుకునేది. అక్కణ్ణుంచి ఆపరేషన్ గదికి, మళ్ళీ ఓపీకి. పొద్దుటి ఇడ్లీ మధ్యాహ్నం మూడింటికి నుంచునే తినేది. ఉండి అనే ఊరి నుంచి వచ్చిన ఓ రైతు "మగ డాక్టరు లేరా అమ్మా" అన్నాడు. "ఉన్నారండీ, ఆపరేషన్‌లో ఉన్నారు. సాయంత్రం దాకా ఆపుకోగలరా?" అంది. ఆయన వెంటనే మంచమెక్కి పడుకున్నాడు.

నాలుగో రోజు పొద్దుటే నా గొట్టం తీసేసింది. "నీళ్ళు తాగండి మాస్టారూ. వచ్చేలా ఉంటే ఆ క్షణమే వెళ్ళండి, ఆపుకోకండి. దానంతటది వచ్చిందా, ఇంటికే. రాలేదా, మళ్ళీ గొట్టం, ఆ తర్వాత ఆపరేషన్" అంది. గుండెకి మాత్రలు మింగేవాణ్ణి, ఆపరేషన్ అంటే నాకు వణుకు. మూడు గంటలు తాగాను, నడిచాను, కుళాయి తిప్పి ఆ చప్పుడు కూడా విన్నాను. లేదు.

అప్పుడు పెద్ద డాక్టరుగారు వచ్చారు, వెనకాల నలుగురైదుగురు. అచ్చం మన బడికి తనిఖీకి వచ్చినట్టే. ఎస్తేరు చేతులు వెనక్కి కట్టుకుని నా సంగతి అప్పజెబుతోంది.

"గొట్టం తీశాక ఎంత వచ్చింది?"

"ఇంకా రాలేదు సార్."

"మరి దేనికి చూస్తున్నావు? మళ్ళీ వేసి, ఆపరేషన్ లిస్టులో రాయి."

"ఇంకో గంట చూద్దాం సార్, ఎందుకంటే..."

సరిగ్గా అప్పుడండీ, నాకు వచ్చేలా అనిపించింది. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఎలా దూరను? నాకు తెలియకుండానే చెయ్యి లేచింది. చిటికెన వేలు.

ఎస్తేరు చూసింది. జవాబు సగంలో ఆపేసింది. "ఒక్క నిమిషం సార్. మాస్టారూ, వెళ్ళండి, వెళ్ళండి" అంటూ దారిలో ఉన్న డాక్టర్లని పక్కకి జరిపింది. పెద్దాయన కళ్ళద్దాల మీంచి చూస్తున్నారు. నేను చెప్పులు వదిలేసి పరిగెత్తాను.

వచ్చిందండీ. కొలత మగ్గులో మూడు వందలు దాటింది. ఆ మగ్గు పట్టుకుని, ఆటల పోటీలో కప్పు కొట్టిన కుర్రాడిలా వార్డు నడిమధ్య నుంచి వచ్చాను. ఉండి రైతు చప్పట్లు కొట్టాడు. ఎస్తేరు స్కాన్ పెట్టి చూసి, లోపల పెద్దగా మిగల్లేదంది. "మంచిది, ఇప్పుడా జవాబు పూర్తి చెయ్యి" అన్నారు పెద్దాయన.

సాయంత్రం ఇంటికి పంపే కాగితాలు తెచ్చినప్పుడు చెప్పేశాను. "అమ్మా ఎస్తేరూ, ఆ రోజు నిన్ను పంపకపోవడం నా తప్పే."

సంగతంతా విని నవ్వడం మొదలెట్టింది. "నేను కాదండీ మాస్టారూ. నేను మిమ్మల్ని అడిగితేగా? మీరు బోర్డు వైపు తిరగ్గానే కిటికీ దూకి వెళ్ళొచ్చేదాన్ని."

"గట్టు మీదికా?"

"గట్టు మీదికే."

"మరి తడిసిందెవరు?"

నవ్వు ఆపేసింది. "పద్మండీ. నా పక్కనే కూర్చునేది. తర్వాత వారం బడికే రాలేదు, మీకు గుర్తులేదా?"

హాజరు వేసింది నేనేనండీ. నాకు గుర్తులేదు.

నిన్న రొయ్యల షెడ్డుకి వెళ్ళాను. పద్మ అక్కడ రొయ్యల తలలు తీస్తుంది. "పద్మా, మూడో తరగతిలో..." అనగానే ఐసులో చేతులు ఆగిపోయాయి. మొత్తం చెప్పాను. పర్వాలేదు అనలేదు. అననక్కర్లేదు కూడా. చేతిలో ఉన్న రొయ్య తల తీసి, "మా పాప రెండో తరగతండీ. దానికీ నాలాగే నోరు లేదు. కొత్త టీచరుగారితో మీరోసారి చెప్పండి" అంది.

అందుకే వచ్చానమ్మా. ఇప్పుడు ప్రహరీ ఉంది, దొడ్డి ఉంది, నాకున్న భయం మీకు అక్కర్లేదు. మీరు చల్లగా ఉండాలి, మీ చేతి కింద ఈ పిల్లలంతా... ఆ ఎస్తేరు చూడండి, అంత పెద్దాయన ముందు చెబుతున్న జవాబుని...

అదిగో, కిటికీ పక్కన. వేలెత్తింది. నా మాటకేం లెండి, ముందు దాన్ని పంపండి.