మిషన్ మీద నడిచినాయన

హలో… ఆ, నేనేనండి. సత్యప్రసాద్‌ని, కోరుకొండ నుంచి. గుర్తుపట్టారా విజయ్ పాల్ గారూ…?

కాలా? బాగానే ఉందండి. నిన్న పొలం గట్టు మీద ఒక్కణ్ణే నడిచాను, కర్ర లేకుండా…

సంతోషిస్తారని తెలుసు. అందుకే ఇంకా ఇదిగా ఉందండి.

లేదు లేదు, పెట్టెయ్యకండి. పొద్దున్న రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళాను, చెకప్‌కి. ఫిజియోథెరపీ గదిలో మీరు లేరు. లీవులో ఉన్నారేమో అనుకున్నాను. కౌంటర్లో శ్రీదుర్గ గారు చెప్పారు – నడిపించే రోబో వచ్చాక మిమ్మల్ని తీసేశారని. దాన్ని చూసుకోడానికి ఒక్కమ్మాయి చాలన్నారట…

పోయిన నెలేనా? మరి నాకు చెప్పలేదేంటండి?

… అదీ నిజమే. ఏమని చెప్తారు.

అది కాదు, వినండి. అక్కడ హాల్లో టీవీలో నా వీడియో వేస్తున్నారు. పక్షవాతంతో మంచాన పడ్డవాణ్ణి, ఇదిగో నడుస్తున్నానని. చివర్లో నవ్వుతూ అంటాను – ఇన్నాళ్ళూ మనుషుల వల్ల కానిది ఈ మిషన్ చేసిందండీ, అని.

అనమని ఎవరూ చెప్పలేదు. నా నోటితో నేనే అన్నాను. మనుషులంటే ఇంకెవరు? వానలో కూడా మా ఇంటికొచ్చి కసరత్తు చేయించింది మీరే కదా…

అబద్ధం కాదంటారా? కాదనుకోండి. మీతో ఎంత చేసినా అడుగు పడలేదు, దాని మీద పడింది. అదే కదా నా బాధ. అబద్ధమైతే తీసెయ్యమని గొడవ పెట్టేవాణ్ణి.

… అడిగానండి. వీడియో వల్ల ఎవర్నీ తియ్యలేదు, మనసులో పెట్టుకోకండి అన్నారు మేనేజరు గారు. మీరూ అదే అంటున్నారు.

ఇప్పుడెక్కడుంటున్నారు? … నరసాపురంలోనా, అమ్మగారి దగ్గరా? అక్కడ పనేమన్నా…

ఆ? అమ్మగారికా? ఎప్పుడు…?

అయ్యో. ఏ వైపు? … కుడి. నాకు లాగే. మాట వస్తోందా? … పోన్లెండి, అదొకటి నయం. కసరత్తు మీరే చేయిస్తున్నారా? … అయినా నిలబడట్లేదా…

ఏంటండీ? మళ్ళీ చెప్పండి.

… ఆ మిషన్ మీదా?

మీరు అడుగుతున్నారా, విజయ్ పాల్ గారూ…

లేదండి, తప్పేముంది. కన్నతల్లి కదా. నేనే… ఒక్క నిమిషం ఆగండి, ఈ తలుపేసి వస్తాను.

… ఆ, చెప్పండి. రెండు నెలల దాకా ఖాళీ లేదన్నారా? మీకే?

అలాగైతే మిషన్ మీద ఈ శుక్రవారానికి పొద్దున్న నాకిచ్చిన టైము అమ్మగారికి ఇచ్చేస్తాను. నాకిప్పుడు అంత అవసరం లేదు… ఒప్పుకుంటారు లెండి. టీవీలో నా మొహమే పెట్టుకున్నారు, కాదనరు.

ఏంటి? … మీరు లోపలికి రాలేరా.

అర్థమైందండి. ఆ గదిలోకి… అర్థమైంది. మీరు కారులోనే ఉండండి. అమ్మగార్ని నేను తీసుకెళ్తాను. బెల్టులన్నీ కట్టేసి, కాళ్ళని అదే లాక్కెళ్తుంటే కొత్తలో భయమేస్తుంది. పక్కన నిలబడతాను.

నేనెవరని చెప్పనండి ఆవిడకి? మీ అబ్బాయి నడిపించిన మనిషినని చెప్పనా…?

… వద్దంటారా. సరే, అబద్ధం వద్దు. మీ అబ్బాయి పేషెంటునని చెప్తాను. అదైతే నిజమే కదండీ.

… హలో? … ఉన్నారా?

… సరే, పెట్టేయండి బాబూ. ఫర్వాలేదు, పెట్టేయండి.