పెదవి విప్పని ఆఖరి ఆట: ఒగినొ తమాకిగారి పదవీ విరమణ సందర్భంగా

రెండు వేల ఏడవ సంవత్సరం ఏప్రిల్ ఒకటవ తేదీ ఉదయం ఒగినొ తమాకిగారు ఇమబారిలోని మన తువ్వాళ్ళ కర్మాగారంలో ఉద్యోగినిగా అడుగుపెట్టారు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. ఉవజిమలో ఉన్నత పాఠశాల చదువు ముగించి, నారింజ తోటల మధ్యనున్న ఇంటి నుండి రెండు టెన్నిస్ రాకెట్లతో, ఒక దుస్తుల సంచితో వచ్చారు. మధ్యాహ్నం వరకు తనిఖీ విభాగంలో తువ్వాళ్ళు చూడడం, ఆ తరువాత కర్మాగారం వెనుక కోర్టులలో కంపెనీ జట్టుతో సాధన చేయడం, చీకటి పడబోతుండగా కోర్టును తానే ఊడ్చి ఇల్లు చేరడం ఆమె దినచర్యగా ఉండేది.

రెండేళ్ళకు వృత్తి క్రీడాకారిణిగా నమోదై విదేశయాత్రలు ఆరంభించారు. పేరు ప్రతిష్ఠలున్న మహానగరాలలో ఆడింది తక్కువ. ఆస్ట్రేలియా లోపలి చిన్న ఊళ్ళలో, ఈగలు ముసిరే ఎండలో, పదిమంది ప్రేక్షకుల ఎదుట ఆడింది ఎక్కువ. మెల్‌బోర్న్ మహా పోటీలకు అర్హత ఆటలు మూడు పర్యాయములు ఆడి, మూడు పర్యాయములూ ప్రధాన పోటీ గుమ్మం వరకు వెళ్ళి వెనుదిరిగారు. గెలుపుల కంటె ఓటములే అధికమని ఇక్కడ వ్రాయడం అగౌరవం కాదు. ఆమె నోటనే అందరం విన్నాము. కుడి భుజానికి శస్త్రచికిత్స జరిగిన ఏడాది ఇక ఆట ముగిసిందని అందరూ భావించగా, ఆమె మాత్రం ఎడమ చేత అన్నం తింటూ, కుడి చేతిని గోడ మీద అంగుళం అంగుళంగా పైకి ప్రాకించుకుంటూ తిరిగి వచ్చారు.

గత శరదృతువులో యాజమాన్యం ఒక నిర్ణయం ప్రకటించింది. కంపెనీ జట్ల లీగ్‌లో మన మహిళల జట్టు ప్రథమ శ్రేణి నుండి జారితే జట్టును రద్దు చేసి, కోర్టుల స్థలంలో గిడ్డంగి కడతారు. మార్చిలో విరమించబోయే తమాకిగారికి పోయేదేమున్నదని కొందరన్నారు. అది సరికాదు. తనను నమ్మి ఊళ్ళు విడిచి వచ్చిన జట్టులోని ఐదుగురు అమ్మాయిలను నడివీధిలో వదిలి తాను పూలగుత్తి పుచ్చుకుని వెళ్ళిపోవలసి వస్తుందన్న దిగులు ఆమెకు కంటి మీద కునుకు లేకుండా చేసింది.

డిసెంబరులో హిరోషిమాలో మన శ్రేణిని తేల్చే నిర్ణాయక పోరు జరిగింది. సముద్రం మీది వంతెనలన్నీ దాటుకుని మనవాళ్ళు రెండు బస్సులలో వెళ్ళారు. డబుల్స్ గెలిచాము. మొదటి సింగిల్స్ ఓడాము. మిగిలింది తమాకిగారి ఆట. ఎదుట నిలిచిన ఒసాకా జట్టు క్రీడాకారిణి హమసాకి యుకినొగారు, పాఠశాలలో తమాకిగారికి రెండేళ్ళు పై తరగతి. ఆ రోజులలో ఆమె బంతులు ఏరినదీ, సంచి మోసినదీ తమాకిగారే. బంతి నెట్‌కు తగిలి అదృష్టవశాత్తు అవతల పడితే చెయ్యెత్తి "క్షమించండి" అనాలని నేర్చుకున్నది కూడా అక్కడే. మన దేశంలో రాకెట్ పట్టిన ప్రతి పిల్లా సర్వీసు కంటె ముందు నేర్చుకునేది ఆ మాటనే.

మూడవ సెట్‌లో తమాకిగారు ఐదు నాలుగుతో ముందున్నారు. ఒక్క పాయింటు వస్తే జట్టు నిలుస్తుంది. ఆమె కొట్టిన బంతి నెట్ అంచును తాకి, ఒక్క క్షణం తటపటాయించి, అవతలి వైపు జారిపడింది. హమసాకిగారు చేయి చాచి పరుగెత్తారు. బంతి ఇంకా రెండవసారి నేలను తాకలేదు.

"అయ్యో, క్షమించండి!"

తమాకిగారి చెయ్యి లేచింది. నోరు జారింది. అంపైర్ ఆట ఆపారు. బంతి ఆటలో ఉండగా ఎదుటివారికి వినపడేలా మాట్లాడితే అవాంతరం క్రింద లెక్క. పాయింటు ఎదుటివారికి చెందుతుంది. నిబంధన స్పష్టమైనది. గెలిచిన ఆట చేతిలో నుండి అలా జారిపోయింది. ప్రేక్షకులలో ఉన్న అద్దకం విభాగపు తొమియెగారు ఉండబట్టలేక లేచి నిలబడ్డారు. "ఓసి పిచ్చిదానా! ఆ మర్యాదేదో ఇంటికెళ్ళాక చెయ్యవే!"

ఆ గేమ్ పోయింది. తరువాతిదీ పోయింది. ఐదు ఆరు. వైపులు మారే విరామంలో బెంచీ మీద కూర్చుని తమాకిగారు తువ్వాలులో ముఖం దాచుకున్నారు.

"కోచ్‌గారూ, క్షమించం..."

"మళ్ళీనా!" అన్నారు కుసునొకిగారు. "ఇంకొక్కసారి ఆ మాట అన్నావంటే నేనే లేచి బస్సెక్కేస్తాను. భుజం ఎలా ఉంది?"

"పైకి లేవట్లేదు."

"అయితే కింద నుంచే కొట్టు. నోరు మాత్రం కుట్టేసుకో తల్లీ."

ఆమె తల ఊపారు. అప్పటి నుండి ఆమె పెదవులు విప్పలేదు. ఊపిరి కూడా ముక్కుతోనే. ఒక్కొక్క బంతినీ నడుము క్రింద నుండి కొడుతూ ఆ గేమ్ గెలుచుకున్నారు. ఆరు ఆరు. టైబ్రేక్ మొదలైంది, రెండు పాయింట్ల ఆధిక్యంతో ముందుగా ఏడు చేరినవారిదే గెలుపు.

ఐదు ఐదు దగ్గర తమాకిగారు బలంగా కొట్టిన బంతి నెట్ దగ్గరకు దూసుకువచ్చిన హమసాకిగారి మెడ క్రింద తగిలింది. పాయింటు తమాకిగారిది, ఇంకొక్కటి చాలు. ఆట ఆగింది గనుక ఇప్పుడు మాట్లాడినా దోషం లేదు. అయినా నోరు తెరిస్తే ఏమవుతుందోనన్న భయంతో ఆమె దవడలు బిగుసుకుపోయాయి. హమసాకిగారు మెడ రుద్దుకుంటూ చూశారు.

"ఏమే తమాకీ, తగిలితే ఒక్క మాటైనా లేదా? సంచి మోసినన్నాళ్ళూ బాగానే వాగేదానివిగా!"

జవాబు లేదు. పై తరగతి అక్కను అంత మొండిగా చూడడం ఆ తరంవారికి చెంపదెబ్బ కొట్టడంతో సమానం. తమాకిగారి చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళతోనే సర్వీసు గీత దగ్గరకు నడిచారు.

ఆ చివరి పాయింటు ఎంతకూ తెగలేదు. హమసాకిగారు ఎత్తుగా లేపిన బంతిని భుజం సహకరించక కొట్టలేక, తమాకిగారు వెనక్కి పరుగెత్తి, నేల తాకనిచ్చి, మెత్తగా నెట్ దాటించారు. హమసాకిగారు వచ్చారు. రాకెట్ చాచారు. బంతి రెండవసారి నేలను తాకింది. మనవాళ్ళెవరూ కేక పెట్టలేదు. అంపైర్ ఫలితం చెప్పేవరకు ఎవరికీ ధైర్యం చాలలేదు. తరువాత తువ్వాళ్ళన్నీ ఒక్కసారిగా గాలిలోకి లేచాయి.

తమాకిగారు నెట్ దగ్గరకు వెళ్ళి నడుము వరకు వంగారు. లేవలేదు. హమసాకిగారు నెట్ మీదుగా చేయి చాచి ఆమె తల నిమిరారు.

"ఇప్పుడు చెప్పవే. ఇప్పుడు పాయింటు పోదులే."

"క్షమించండి అక్కా." మాట సగమే వచ్చింది. మిగిలినదంతా ఏడుపు.

జట్టు నిలిచింది. మార్చి ముప్పై ఒకటవ తేదీన తమాకిగారు విరమిస్తున్నారు. కోర్టులు మాత్రం మరునాడు కూడా ఉంటాయి, ఐదుగురు అమ్మాయిలూ అక్కడే ఉంటారు. పద్దెనిమిదేళ్ళ సేవకు ఇంతకంటె ఘనమైన సత్కారం మన చేతులలో లేదు. ఒగినొ తమాకిగారు ఇకపై రాత్రులు ఆ భుజం బాధ లేకుండా నిద్రింతురు గాక. అంపైర్ ఎవరూ అడ్డుపడని ఆరోగ్యవంతమైన సుదీర్ఘ జీవితంలో, తోచిన మాట తోచిన క్షణాన నోరారా పలుకుతూ నూరేళ్ళు వర్ధిల్లుదురు గాక.