కరెక్టు కొడితే మెరుపు

ఇప్పుడా వచ్చేది, శివకృష్ణ సారూ? పండ్లు గూడ తెచ్చిండ్రు. మగ్గం మీద పెట్టకుండ్రి, పోగులు కరాబైతయి.

మీ కంపెనీ ట్యాబులు బడికొచ్చిననాడు మా బిడ్డ మానస ఎంత సంబురపడ్డదో! లెక్క కరెక్టు చేస్తే తెరంత ఎర్రగ తెల్లగ టపటప కొట్టుకుంటదట. గది మీ శాబాష్. పిల్ల అన్నీ కరెక్టే చేసేది. ఇంకేముంది, ఆ మెరుపులకు కండ్లు తేలేసి బెంచీ మీదికెళ్లి కిందవడ్డది.

గాలి సోకిందన్నది మా అత్త. చేతుల తాళంచెవులు పెట్టినం, దిష్టి తీసినం. దవాఖానకు పోతే డాక్టరమ్మ చెప్పింది, కొట్టుకునే వెలుగు చూస్తే వచ్చే ఫిట్స్ అని.

గప్పుడే గదా మీకు ఫోన్ చేసిన? జర ఆ మెరుపు తీసెయ్యుండ్రని బతిమాలిన. మీరేమన్నరు? "ఒక్క పిల్ల కోసం అందరిదీ మారుస్తమా అమ్మా" అన్నరు. ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి అతుకుతం సారూ మేము.

బడిల లెక్కలన్నీ ఆ ట్యాబు మీదనేనాయె. తర్వాత పిల్ల ఏంజేసిందో ఎరుకనా? తప్పు కొడితే మెరుపు రాదని కనిపెట్టింది. ఇగ కావాలని అన్నీ తప్పులే కొట్టింది. ఎక్కాలన్నీ నోటికొచ్చిన పిల్ల! మొద్దని ఎన్క బెంచీకి తోలిండ్రు. భయమై ఎవ్వరికీ చెప్పలే, నేను గుచ్చి గుచ్చి అడిగితే గప్పుడు చెప్పింది.

గందుకే మగ్గం బందు పెట్టి భువనగిరికి పోయిన. బళ్లను చూసే పెద్దాఫీసరు ముంగట డాక్టరమ్మ మాటల వీడియో పెట్టి ఫిర్యాదిచ్చిన. మీకు రావాల్సిన కొత్త బళ్ల పని ఆగిందట గదా. మంచిగైంది.

ఏందీ, మెరుపు తీసేసిండ్రా? అన్ని బళ్లల్లనా? ఏదీ చూపియ్యుండ్రి. అవును, కరెక్టయితే పచ్చటి టిక్కు నిమ్మళంగ వస్తాంది. ఎంతసేపు పట్టింది గీ పని? ఒక్క పూటా? గంతేనా సారూ?

లేదు, ఫిర్యాదు వాపసు తీస్కోను. మీ కొలువు పోతదా? పోనియ్యుండ్రి. "పిల్లల కోసమే గదా కొట్లాడినవ్, అయిపోయింది గదా" అంటరా? ఊరందరికీ గట్లనే చెప్పిన. బిడ్డకు గూడ గట్లనే చెప్పిన. మీకు మాత్రం నిజం చెప్తున్న, ఇనుండ్రి. పిల్లల పని అయిపోయింది. గిప్పుడు నా కోసం చేస్తున్న. మీరు రోడ్డు మీద పడ్డరని ఇనేదాక నాకు బువ్వ సయించదు.