మోచెయ్యి దాటిన పట్టీలు

"ముందు ఒక్క హోదా పట్టీ వెయ్యి అబ్బాయ్, కోటు చెయ్యి అంచుకి బెత్తెడు పైన. నేను పుట్టుకతోనే పెద్దాఫీసర్నేం కాదు, దాచుకోవడం దేనికి? మాస్టారూ, మీరూ రాసుకోండి. రేపు నన్ను పరిచయం చేసేది మీరే కదా!"

దర్జీ బల్ల మీద పెద్దాయన పాత నీలం ఎయిర్‌ఫోర్సు కోటు పరిచి ఉంది. తాతలూ అమ్మమ్మలూ బడికొచ్చి, తాము చేసిన ఉద్యోగాల గురించి పిల్లలకి చెప్పే రోజు రేపు. పెద్దాయన మనవరాలు ఐదో తరగతి. ఆ క్లాసు మాస్టారు వివరాలు రాసుకోవడానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పక్కకొట్టు గడియారాల మెకానిక్ మాత్రం ఊరికే వచ్చాడు. ఈయన నోరు విప్పితే అతను కొట్టు కట్టేసి మరీ వస్తాడు.

"పిల్ల పక్కన కూర్చునేవాడి తాత జడ్జీ అట. ముందు బెంచీదాని తాత పెద్ద డాక్టరట. వాళ్ళ మధ్య నా మనవరాలు తల దించుకుంటే నేను బతికుండి దండగ. అందుకే ఉన్నదున్నట్టు చెప్తాను.

ఎయిర్‌ఫోర్సులో చేరిన వారానికి, పొద్దున్నే మొహం కడుక్కుంటున్నాను. పైన విమానం వెళ్ళింది. చప్పుడు విని, దానికి ఎడమపక్క ఒక బోల్టు వదులైందన్నాను. దింపి చూస్తే నిజమే. ఇంజను ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాణ్ణి నేను. అలా వచ్చింది మొదటి పట్టీ."

"అది నమ్మొచ్చు," అన్నాడు మెకానిక్.

"నమ్మక ఏం చేస్తావ్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ రోజు పైలట్‌కి కడుపునొప్పి. విమానాన్ని షెడ్డులోకి తోలమన్నారు నన్ను. తోలుదామనే ఎక్కాను, అది లేచింది. లేచినదాన్ని కూర్చోబెట్టడం మర్యాద కాదని నేనూ ఊరుకున్నాను. సగం దూరం వెళ్ళాక చూస్తే ట్యాంకుకి చిల్లు. రెక్క మీదకి నడిచి వెళ్ళి, సబ్బుముక్క నమిలి చిల్లు పూడ్చాను."

"మరి విమానాన్ని ఎవరు నడిపారు బాబాయ్?" అన్నాడు దర్జీ.

"దానికి దారి తెలుసు. రెండో పట్టీ గియ్యి."

దర్జీ సుద్దముక్కతో రెండో గీత గీశాడు. మాస్టారు ఏదో రాసుకున్నాడు.

"ఇంకోసారి మధ్యాహ్నం భోజనం వేళైంది. కిందకి దిగితే మళ్ళీ ఎక్కాలి, వృథా శ్రమ. ఒక మబ్బు చూసి దాని మీద ఆపాను. మబ్బు మెత్తగా ఉంటుంది, బండి జారుతుంది, అందుకని చక్రం కింద రాయి పెట్టాను."

"ఆకాశంలో రాయి ఎక్కడిది?"

"డ్యూటీలో ఉన్నవాడు జేబులో రాయి లేకుండా బయల్దేరతాడటయ్యా? అన్నం తిని చెయ్యి కడిగాను. కింద నాలుగు ఊళ్ళలో చినుకులు పడ్డాయి. మూడు, నాలుగు కలిపి వెయ్యి."

"బాబాయ్, మోచెయ్యి దగ్గరపడుతోంది."

"చెయ్యి చాలకపోతే భుజం ఉంది. అసలు సంగతి విను. మాస్టారూ, దీన్ని కొంచెం పెద్దక్షరాలతో రాయండి. కొత్త విమానం వచ్చింది. దాని వేగానికి జడిసి ఎవడూ ఎక్కడం లేదు. నేను ఎక్కి భూమిని ఒక చుట్టు చుట్టి వచ్చేసరికి, నేను ఇంకా బయల్దేరలేదు! అదిగో, మెట్లెక్కుతూ నేనే కనబడుతున్నాను. ఇప్పుడు ఎవరు ఎవరికి సెల్యూట్ చెయ్యాలి? వాడికంటే నాకు ఒక ప్రయాణం సర్వీసు ఎక్కువ. వాడే చేశాడు. నేను తలాడించాను. ఆ సాయంత్రమే నన్ను ఎయిర్ మార్షల్ చేశారు. ఐదు, ఆరు, ఏడు వేసెయ్యి."

మెకానిక్ పొట్ట పట్టుకుని నవ్వాడు. దర్జీ సుద్ద మోచెయ్యి దాటింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు, మాస్టారి కాగితం వంకే చూస్తున్నాడు.

"అన్నీ వచ్చాయా మాస్టారూ?"

"వచ్చాయండీ. ఒక్కటే చిక్కు. మీ గురించి మీ మనవరాలు ముందే ఒక వ్యాసం రాసిచ్చింది. రేపు మీరు మాట్లాడకముందే అది చదువుతుంది." మాస్టారు సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. "వినండి. 'మా తాతయ్య విమానం నడపలేదు. ఎక్కను కూడా లేదు. పారాచూట్లు మడతపెట్టేవాడు. ఒక్కోదానికి ఒక చీటీ పెట్టి, సంతకం చేసేవాడు. సరిగ్గా తెరుచుకోకపోతే పూచీ తాతయ్యదే. వాళ్ళ పెద్దాఫీసరు కూడా తాతయ్య సంతకం చూసుకున్నాకే విమానం ఎక్కేవాడట. తాతయ్య మడతపెట్టినవాటితో డెబ్భైమంది దూకారు. డెబ్భైమందీ ఇంటికి వెళ్ళారు. ఇదంతా మా అమ్మమ్మ చెప్పింది. తాతయ్య ఇది ఎవరికీ చెప్పడు, ఎందుకో తెలీదు.'"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"డెబ్భైమంది ఎక్కడ మాస్టారూ!" అన్నాడు. "ఏడుగురే."

మెకానిక్ దర్జీ వంక చూశాడు. ఇరవయ్యేళ్ళలో ఈయన ఒక అంకెను తగ్గించి చెప్పడం వాళ్ళు వినలేదు.

"ఏడుగురూ క్షేమంగా దిగారా బాబాయ్?"

"దిగారు. ఒకాయన మర్నాడు భార్యనీ చంటిపిల్లనీ వెంటబెట్టుకుని మా గదికి వచ్చాడు. చీటీ చూపించి, ఈ సంతకం ఎవరిదని అడిగాడు. నాదన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. దాన్ని కథగా చెప్పడం నాకు చేతకాదురా అబ్బాయ్."

"మరి కోటు సంగతి?"

"సుద్ద దులిపి ఇస్త్రీ చేసి ఇయ్యి." లేచి కర్ర అందుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "మాస్టారూ, పిల్ల చేత ఆ డెబ్భైని ఏడుగా దిద్దించండి. మబ్బులూ రాళ్ళూ ఎన్నైనా చెప్పుకోవచ్చు. ఆ ఏడూ మాత్రం నేను సంతకం పెట్టినవి."