మన మాట పుట్టిల్లు ఎక్కడంటే

ఏంటమ్మాయ్, మన తియోచ్యూ మాట చైనా భాషల్లో ఎవరి వంశమనా అడుగుతున్నావ్? కాలేజీలో రాసుకు రమ్మన్నారా? కూర్చో, కూర్చో. ముందు ఆ టీ తాగు, చల్లారితే పాడు. ఆ సంగతి ఎత్తితే నాకు భాష తర్వాత, బాక్‌సెంగ్ ముందు గుర్తొస్తాడే. నువ్వు వాణ్ణి చూళ్ళేదు, మీ అమ్మ కాపురానికి రాకముందే పోయాడు. నాతోపాటు ఈ అఖాతంలోనే ఆల్చిప్పలు పెంచేవాడు. మనిషి మంచోడే, నోరే ఊరికి సరిపడా ఉండేది. వాడి పిచ్చంతా ఒక్కటే, మన మాట. పక్క రాష్ట్రం ఫుజియన్ నుంచి చేపల బేరగాళ్ళు వస్తారు కదా, వాళ్ళల్లో ఎవడైనా పాపం చనువుకొద్దీ "మీదీ మాదీ ఒకటే మాట కదన్నా" అన్నాడో, అయిపోయాడన్నమాటే. పూనకం వచ్చేది వీడికి. "ఒకటా? ఎవడ్రా చెప్పింది? మా మాట ఈ గడ్డమీదే పుట్టింది. దానికి వేరే అమ్మా లేదు, అమ్మమ్మా లేదు. మాకు గొంతు ఎత్తి దించే స్వరాలు ఎనిమిది, మీకెన్నున్నాయో లెక్క చూసుకుని రా, ఫో!" అని బుట్టలతో సహా తోలేసేవాడు. పోనీ కాంటన్ వాళ్ళ కిందైనా ఒప్పుకుంటాడా, రాష్ట్రం ఒకటే కదా? అబ్బే. వాళ్ళ మాట వింటే చెవుల్లో నీళ్ళు పోసుకున్నట్టుంటుందనేవాడు.

సరే, అప్పుడు... ఎప్పుడూ, మా రెండోవాడు బడికెళ్తున్న రోజుల్లో, క్వా టీచరమ్మ అని ఒకావిడ వచ్చింది. సన్నగా, కళ్ళద్దాలు, చేతిలో టేపురికార్డరు. ఊరూరా తిరిగి మాటలు పోగుచేసేది, ఏ మాట ఏ మాటకి పుట్టిందో తేల్చడానికట. కల్తీ లేకుండా మాట్లాడేవాడు ఎవడని అడిగితే ఊరంతా ఏకగ్రీవంగా బాక్‌సెంగ్ ఇల్లు చూపించింది. వాడి సంబరం చూడాలి! పెళ్ళికొడుకులా తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. "ఇవాళ్టితో తేలిపోతుందిరా, మనం ఎవరి కిందా కాదని గవర్నమెంటు పుస్తకంలోకి ఎక్కుతుంది" అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. మేమందరం వాళ్ళ వాకిట్లో పోగయ్యాం. వాడు పిన్నీ అని పిలిచే వాళ్ళమ్మ గుయికీ, పెద్దావిడ, గుమ్మంలో పీటమీద కూర్చుని ఆల్చిప్పలు ఒలుస్తోంది.

టీచరమ్మ నెమ్మదిగా మొదలెట్టింది. "అన్నగారూ, మీ మాటని మేము మిన్ అనే ఫుజియన్ మాటల శాఖలో వేస్తాం. అందులోనూ దక్షిణపు మిన్. వందల ఏళ్ళ కింద ఫుజియన్ తీరం నుంచి జనం పొలాలు చాలక ఇటు వచ్చారు. మాట వాళ్ళతో వచ్చింది. ఇక్కడ వేరుగా పెరిగి, వేరు స్వరం పట్టింది. రాష్ట్రం ఏదైనా, వంశం అదే" అంది. హమ్మో, వాడి ముఖం! ఎండుమిరపకాయ కొరికినట్టు అయిపోయింది. "నిరూపించు తల్లీ, నిరూపించు" అన్నాడు. ఆవిడ టేపు పెట్టింది. ఎవరో ముసలమ్మ గొంతు, ఫుజియన్‌లోని ఛ్వాన్‌చో దగ్గర సముద్రం ఒడ్డుదిట. ఆ గొంతు మూకుడు అంటుంది, వీడు మన మాటలో మూకుడు చెప్తాడు. ఇల్లు, చెయ్యి, వాన, పంది... ఒరే నాయనా, కొద్దిగా సాగదీత తప్పితే అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకున్నట్టే ఉందే! మేం నోళ్ళు వెళ్ళబెట్టాం. మన పక్కింటి దొంగ సన్నాసి లేడూ, మీ ఆన్‌థాయ్ తాత, వాడు "బాక్‌సెంగూ, బుట్ట సర్దుకోరా, నీ పుట్టింటివాళ్ళు వచ్చారు" అని కూడా అనేశాడు. అందరూ పగలబడి నవ్వారు. తర్వాత ఎన్నాళ్ళు నాలిక కరుచుకున్నాడో.

ఎందుకంటే తర్వాతి ప్రశ్న చుట్టరికాలు. "అమ్మని ఏమని పిలుస్తారు?" అంది టీచరమ్మ. వీడు "పిన్ని" అన్నాడు. ఆవిడేం ఆశ్చర్యపోలేదు. ఎలాగూ మనవైపు ఉన్నదే కదా, తల్లికీ బిడ్డకీ జాతకం పడకపోతే అమ్మ అనకూడదు, ఎవరో ఒకరికి గండం. పిన్ని అనో వదిన అనో పిలిపిస్తారు. మా నాన్నే చచ్చేదాకా కన్నతండ్రిని "అన్నా" అనే పిలిచాడు. గుయికీ కూడా బాక్‌సెంగ్‌ చేత అందుకే అలా పిలిపించుకుందని మా అందరి నమ్మకం. టీచరమ్మ మాట వరసకి గుమ్మం వైపు తిరిగి, "అమ్మా, జాతకం చూసిందెవరు?" అంది.

చూద్దుము కదా, ఆవిడ ఒడిలో ఆల్చిప్పలు అలాగే ఉన్నాయి, కత్తి పక్కన పెట్టేసింది. ఎప్పుడు ఒలవడం ఆపిందో మరి, మేము నవ్వుల్లో ఉన్నాం. "ఆ పెట్టెలో ఆవిడ గొంతు మళ్ళీ వెయ్యమ్మా" అంది. టీచరమ్మ వేసింది. గుయికీ కళ్ళు మూసుకుని విని, మెల్లిగా, "వీడి అమ్మ ఇలాగే మాట్లాడేది" అంది.

విన్నావా అమ్మాయ్! బాక్‌సెంగ్ ముందు నవ్వాడు. "పిన్నికి మతి పోయింది, లోపలికి తీసుకెళ్ళండి" అన్నాడు. ఆవిడ కదిలితేనా! "నోర్ముయ్, ఇన్నాళ్ళూ నువ్వు మాట్లాడావు, ఇవాళ నన్ను మాట్లాడనీ" అంది. అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా మేమెవరం వినలేదు.

జపాను వాళ్ళతో యుద్ధం రోజులట. మొగుడు సియాం దేశం వెళ్ళాడు, ఈవిడ పుట్టింట్లో పురిటికి ఉంది. పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయాడు. పాలు ఆగక ఏడుస్తూ రేవులో కూర్చుంటే ఫుజియన్ పడవ ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అందులో ఒకమ్మాయి, చంకలో పసివాడు. ఆమెకి పాలు ఎండిపోయాయి. "అక్కా, వీడికి కాస్త పాలిస్తావా? మా ఆయన వేరే పడవలో ఉన్నాడు, వెతికి వస్తాను. సముద్రం మీద జపాను వాళ్ళు తిరుగుతున్నారు, వీడు ఏడిస్తే అందరం చస్తాం" అందట. "ఆమె మాట నాకు తెలిసింది, నా మాట ఆమెకి తెలిసింది. కాంటన్ మనిషిని అయ్యుంటే నా ఒళ్ళో పెట్టేదా? మాట కలిసింది కాబట్టే నమ్మింది" అంది గుయికీ. పడవ వెళ్ళింది. మళ్ళీ రాలేదు. మొగుడూ సియాంలోనే పోయాడు. తెచ్చుకున్న పిల్లాడంటే తోటికోడళ్ళు గింజ కూడా రాల్చరని, ఆమె వస్తే ఇటు పంపమని పుట్టింట్లో చెప్పి, కన్నకొడుకే అంటూ ఈ అత్తారి ఊరొచ్చింది. "మరి జాతకం?" అన్నాను నేనే, ఉండబట్టలేక. "ఏ జాతకమూ లేదు. నేనే పుట్టించాను. ఆ పిలుపు ఆమెది నాయనా. రేపు ఆమె రేవులో దిగేసరికి వీడు నన్ను అమ్మా అంటుంటే, ఆమె ముఖం ఎట్లా చూసేది?" అంది. నలభై ఏళ్ళు దాటింది అప్పటికి! ఇంకా రేపు అంటోంది!

టీచరమ్మ టేపు ఆపేసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. బాక్‌సెంగ్ లేచాడు. లేచి ఎటు పోవాలో తెలీనివాడిలా గోడ పట్టుకున్నాడు. ఏమంటాడో, ఆవిణ్ణి ఏం చేస్తాడో అని మా భయం మాది. ఎందుకు దాచావని తిడతాడనుకున్నా. వాడు వెళ్ళి ఆవిడ వెనకాల నేలమీద కూలబడి, ఆ ఒడిలో చిప్పలన్నీ కింద పోయేలా ఆవిణ్ణి పట్టుకుని, "అమ్మా" అన్నాడు.

ఆ పిలుపు తనది కానట్టు, ఆవిడ చటుక్కున తల తిప్పి వీధివైపు చూసింది. మెడ నిక్కించి, ఆశగా, రేవు నుంచి వచ్చే దారంతా చూసింది. ఎవరూ లేరమ్మాయ్ అక్కడ.